సంజాయిషీ

ఏ నాయకుడి మీదనైనా విచారణ మొదలైందన్న వార్త వచ్చిన పూట మా తనకల్లులో మూడు మాటలు వినిపిస్తాయి. "తినని వాడెవడు లేప్పా" అనేది మొదటిది. "తింటే తిన్నాడు, మనకూ ఇంత పెట్టినాడు కదా" అనేది రెండోది. "అవతలోళ్ళు గెలిచినారు కాబట్టి కేసు పెట్టించినారు" అనేది మూడోది. కదిరి నుంచి మదనపల్లెకు పోయే రోడ్డు మీద బస్సు ఆగే చోట గానీ, కొక్కంటి క్రాసులో గానీ, టీ అంగడి ముందర బల్ల మీద ఎవరి పక్కన కూర్చున్నా సరే, పేపరు పూర్తిగా విప్పేలోపల ఈ మూడింట్లో ఒకటి చెవిన పడుతుంది. ప్రభుత్వం మారితే మాటలు మారవు, అనే మనుషులు మారతారు. మొన్నటిదాకా మొదటి మాట అన్నాయన ఇవాళ మూడో మాట అందుకుంటాడు. మూడో మాట అన్నాయన మొదటిదానికి వస్తాడు.

నాకు ఈ మాటల మీద కోపం లేదు. వాటి వెనకాల ఉన్న బతుకు తెలుసు. ఏడాది మొత్తానికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా మా ఉమ్మడి అనంతపురం. అదీ అదునుకు పడుతుందన్న నమ్మకం లేదు. వేరుశనగ విత్తనం సబ్సిడీలో రావాలన్నా, పంటల బీమా డబ్బులు పడాలన్నా, పింఛనులో పేరెక్కాలన్నా, బోరుకు కరెంటు లైను కావాలన్నా ఎవరో ఒకరు పైన ఒక మాట చెప్పాలి. పంట చేతికి రాని ఏడు మూట కట్టుకుని బెంగళూరు బస్సెక్కే మనిషికి, ఊళ్ళో మిగిలిపోయిన ముసలి తల్లికి పింఛను ఆగకుండా చూసే నాయకుడే కావలసిన నాయకుడు. ఆయన ఇంకెక్కడ ఎంత తిన్నాడన్న లెక్క తర్వాతది. "మనకూ పెట్టినాడు కదా" అనే మాటలో ఆ తల్లి ఉంది. దాన్ని పట్టుకుని పల్లె జనానికి నీతి పోయిందని పట్నంలో కూర్చుని రాసేవాళ్ళతో నేను ఏకీభవించను.

అయినా ఈ మూడు మాటల్లో ఒక మాట తక్కువైందని నా బాధ. "ఆ ఆరోపణకు ఆయన ఏం జవాబు చెప్పినాడు?" అని ఎవరూ అడగరు. నేరం చేశాడా లేదా అన్నది కోర్టు తేల్చాలి. దానికి ఏళ్ళు పడుతుంది. జవాబు మాత్రం ఆరోపణ వచ్చిన మర్నాటి నుంచే అడగవచ్చు. అడగడానికి చదువు అక్కరలేదు, లాయరు అక్కరలేదు, పార్టీ అక్కరలేదు. ఓటు వేసిన ప్రతి మనిషికీ ఆ హక్కు ఉంది.

జవాబు లేకపోవడం ఎంత పెద్ద సంగతో మా జిల్లాకే చెందిన ఒక పెద్దమనిషి కథలో ఉంది. నీలం సంజీవరెడ్డి 1913లో అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1960లో కాంగ్రెస్ అధ్యక్షుడై ఢిల్లీ వెళ్ళి, 1962 మార్చిలో తిరిగొచ్చి మళ్ళీ ముఖ్యమంత్రి పదవి చేపట్టారు. ఆ రెండో విడతలో వచ్చింది కర్నూలు బస్సుల వ్యాజ్యం. 1958లో పుట్టిన ఆర్టీసీ ఒక్కొక్క ప్రాంతంలో ప్రైవేటు బస్సుల రూట్లను తన చేతికి తీసుకుంటున్న రోజులవి. ఏ జిల్లా తర్వాత ఏ జిల్లా అన్నదానికి ముందే ఒక వరుస అనుకున్నారు. ఆ వరుసను పక్కన పెట్టి కర్నూలు జిల్లా పడమటి భాగాన్ని ముందుకు లాగారని బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. అక్కడ రూట్లున్న వాళ్ళలో ముఖ్యమంత్రికి రాజకీయంగా గిట్టని వాళ్ళున్నారని, వాళ్ళను దెబ్బతీయడానికే ఆయన ఈ పని చేయించారని ప్రమాణపత్రాల్లో రాసి ఇచ్చారు. హైకోర్టులో ఓడిపోయి సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

1964 మొదట్లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును లా చదివే పిల్లలు ఇప్పటికీ చదువుతారు. సి.ఎస్. రౌజీ కేసు అంటారు. అందులో నన్ను పట్టి నిలిపేది ఒక్క విషయం. ముఖ్యమంత్రి మీద వచ్చిన ఆరోపణ నిజమని నిరూపించే చీటీ గానీ, సాక్షి గానీ కోర్టు ముందు నిలబడలేదు. ఆరోపణ మాత్రం వివరంగా, ప్రమాణం మీద ఉంది. దాన్ని కాదనగలిగిన మనిషి ఒక్కరే, ముఖ్యమంత్రి. ఆయన ప్రమాణపత్రం దాఖలు చేయలేదు. ప్రభుత్వం తరఫున, కార్పొరేషన్ తరఫున అధికారులు ఏవో చెప్పారు. అయితే ఒక మనిషి మనసులో కక్ష ఉందా లేదా అన్నదానికి ఇంకొకరు ఎట్లా సమాధానం చెబుతారు? ఖండన లేని ఆరోపణ నిలబడినట్టేనని, ఇట్లా చెప్పవలసి రావడం తమకు ఇష్టం లేకపోయినా తప్పడం లేదని న్యాయమూర్తులు రాశారు. రూట్లు తీసుకునే ఆ పథకాలను కొట్టేశారు.

అంటే ఒక ముఖ్యమంత్రి మీద దేశంలోని అత్యున్నత న్యాయస్థానం వేసిన మచ్చకు ఆధారం ఆయన చేసిన పని కంటే, ఆయన చెప్పని మాట. ఈ కేసు మీద ఎన్ని పుస్తకాలు రాసినా దాని సారం ఇదేనని నాకు అనిపిస్తుంది. మామూలు జనానికి అర్థమయ్యే న్యాయం ఇది. పంచాయితీలో పిలిచి అడిగితే నోరు విప్పని మనిషిని ఊరు ఏమనుకుంటుందో ఆ కోర్టు అదే అనుకుంది.

ఆ తర్వాత ఆయన చేసిందేమిటన్నది కథలో రెండో సగం. ఆ వ్యాఖ్యలు వచ్చాక 1964 ఫిబ్రవరిలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. చేయాలని చట్టం చెప్పలేదు. ఆయన మీద క్రిమినల్ కేసు లేదు. డబ్బు తిన్నాడన్న ఆరోపణా లేదు. శాసనసభలో మెజారిటీ చెక్కుచెదరలేదు. కోర్టులో ఇవ్వని జవాబును పదవి వదిలి ఇచ్చారని నేను అనుకుంటాను. ఆయన స్థానంలోకి కాసు బ్రహ్మానందరెడ్డి వచ్చారు.

దీన్ని మరీ గొప్ప త్యాగంగా చెప్పేవాళ్ళున్నారు. నేను అంత దూరం పోను. అదే ఏడాది జూన్‌లో లాల్ బహదూర్ శాస్త్రి మంత్రివర్గంలో ఆయన ఉక్కు, గనుల శాఖ మంత్రి అయ్యారు. మూడు నాలుగు నెలలు ఖాళీగా ఉన్న మనిషికి శిక్ష ఏం పడినట్టు అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న సరైనదే. అయినా ఆ రోజుల్లోనే పంజాబ్‌లో జరిగినదాన్ని దీని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అక్కడ ముఖ్యమంత్రి ప్రతాప్ సింగ్ కైరాన్ మీద మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఆర్. దాస్‌తో 1963లో విచారణ కమిషన్ వేశారు. విచారణ నడిచినన్ని రోజులూ కైరాన్ కుర్చీలోనే ఉన్నారు. 1964 జూన్‌లో నివేదిక వచ్చాకే దిగారు. తన మీద విచారణ జరుగుతుంటే అధికారులంతా తన కింద పనిచేస్తూ ఉండటం, సాక్ష్యం చెప్పవలసినవాళ్ళ బదిలీలు తన చేతిలో ఉండటం ఎంత తప్పో వేరే చెప్పనక్కరలేదు.

మరి జనం ఏమన్నారు? జనం మాట ఎన్నికల్లోనే తెలుస్తుంది. 1967లో సంజీవరెడ్డి హిందూపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. ఇప్పుడు తనకల్లు మండలం ఉన్న కదిరి నియోజకవర్గం ఆ హిందూపురం లోక్‌సభ స్థానంలోదే. లోక్‌సభ స్పీకరయ్యారు, అయ్యాక కాంగ్రెస్ పార్టీకి రాజీనామా ఇచ్చారు. 1969లో రాష్ట్రపతి ఎన్నికల్లో వి.వి. గిరి చేతిలో, 1971లో సొంత అనంతపురంలో ఓడిపోయారు. ఆ ఓటమికి కర్నూలు బస్సులతో సంబంధం లేదు, అది ఇందిరా గాంధీ గాలి. 1977లో ఆంధ్రప్రదేశ్‌లో 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కు పోతే, జనతా తరఫున గెలిచింది ఆయనొక్కరే. గెలిచింది నంద్యాల నుంచి. నంద్యాల ఆనాడు కర్నూలు జిల్లాలోది. ఏ జిల్లా బస్సుల కేసు ఆయన్ను ముఖ్యమంత్రి పీఠం నుంచి దించిందో ఆ జిల్లాలోని ఊళ్ళే, రాష్ట్రమంతా ఒకవైపు ఓటేసినప్పుడు ఆయన్ను గెలిపించాయి. ఆ ఏడాదే ఆయన పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఓటరు దేనికోసం ఓటేశాడో వేలు పెట్టి చూపించలేం. అయితే 1964లో కుర్చీ పట్టుకుని వేలాడి ఉంటే ఈ తర్వాతి చరిత్రంతా ఉండేదని నేను నమ్మను.

టీ అంగడిలో వినిపించే మూడో మాటకు ఆధారం లేకపోలేదు. 1977లో ఢిల్లీలో జనతా ప్రభుత్వం వచ్చాక, ఇక్కడి కాంగ్రెస్ ముఖ్యమంత్రి జలగం వెంగళరావు మీద వచ్చిన ఆరోపణల విచారణకు అది జస్టిస్ విమదలాల్ కమిషన్‌ను వేసింది. ఎదుటి పార్టీ వేసిన విచారణ అది. అప్పుడు మొదలైన అనుమానం ఈనాటికీ పోలేదు. వెంగళరావు తర్వాత 1984లో, 1989లో ఖమ్మం నుంచి లోక్‌సభకు గెలిచారు, కేంద్రంలో మంత్రిగా పనిచేశారు. విచారణ వేసినవాడు ఎవరన్నది జనం మొదట చూస్తారు, ఆరోపణ ఏమిటన్నది తర్వాత. అట్లా చూడటంలో తప్పు లేదు. అయితే వేసినవాడి ఉద్దేశం చెడ్డదైనంత మాత్రాన అడిగిన ప్రశ్న చెడ్డదైపోదు. శత్రువు అడిగినా సరే, లెక్క లెక్కే. "కక్షతో అడిగినాడు" అన్నది అడిగినవాడి గురించిన మాట. అడిగిన దానికి సమాధానం ఇంకా బాకీ ఉంటుంది. ఈ చిన్న తేడాను మనం వదిలేసినందువల్ల నాయకులకు ఎంత సుఖం దొరికిందో చెప్పలేను. ఆరోపణ వచ్చిన ప్రతి మనిషీ "ఇది రాజకీయ కక్ష" అని ఒక్క వాక్యం చెప్పి కారెక్కి పోతాడు. మనం ఆ వాక్యాన్ని జవాబు కింద జమ వేసుకుంటాం.

మన కాలానికి వద్దాం. 2012 మే 27న వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డిని సీబీఐ అరెస్టు చేసింది. జూన్‌లో 18 శాసనసభ స్థానాలకు ఉప ఎన్నికలు జరిగితే ఆయన పార్టీ 15 గెలిచింది. మా జిల్లాలోని అనంతపురం, రాయదుర్గం రెండూ అందులో ఉన్నాయి. పదహారు నెలలు జైల్లో ఉండి వచ్చిన ఆయన 2019లో 151 స్థానాలతో ముఖ్యమంత్రి అయ్యారు. 2023 సెప్టెంబరు 9న చంద్రబాబునాయుడిని సీఐడీ అరెస్టు చేసింది. రాజమండ్రి జైల్లో 50 రోజులకు పైగా ఉన్నారు. 2024లో ఆయన కూటమి 175లో 164 స్థానాలు గెలిచింది. ఇద్దరి కేసుల్లో నిజానిజాలు తేల్చే పని నాది కాదు, కోర్టులది. నేను చూసింది మా వీధి. ఒక అరెస్టు రోజున టపాకాయలు కాల్చినవాళ్ళు ఇంకో అరెస్టు రోజున నల్ల రిబ్బన్లు కట్టుకున్నారు. అప్పుడు నల్ల రిబ్బన్లు కట్టుకున్న ఇళ్ళ ముందర ఇప్పుడు టపాకాయలు కాలాయి. రెండు రోజుల్లోనూ కేసు కాగితాల్లో ఏముందని అడిగిన మనిషి నాకు కనబడలేదు. ఎఫ్ఐఆర్ చదివినవాళ్ళు లేరు, దానికి ఆ నాయకుడి పక్షాన ఇచ్చిన సమాధానం చదివినవాళ్ళూ లేరు. టపాకాయలు కాల్చిన వాళ్ళకు కేసు రుజువైపోయింది, రిబ్బను కట్టుకున్న వాళ్ళకు కేసు కొట్టేసినట్టే. వేరుశనగ కాయను చేతిలో పట్టుకున్నంత మాత్రాన లొట్టదో గింజదో తెలియదని, ఒలిచి చూడాలని మాకు నేర్పవలసిన పని లేదు. ఆ జాగ్రత్త ఈ విషయంలో ఏమైపోతుందో అర్థం కాదు.

ఇంకో రకం ప్రతిస్పందన ఉంది. అది నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. 2001 మార్చిలో తెహెల్కా వార్తా వెబ్‌సైటు వాళ్ళు దాచిపెట్టిన కెమెరాతో తీసిన దృశ్యాలు బయటపెట్టారు. అందులో బీజేపీ జాతీయ అధ్యక్షుడు బంగారు లక్ష్మణ్ లక్ష రూపాయలు తీసుకుంటూ కనిపించారు. హైదరాబాదు మనిషి, ఆ పార్టీకి తొలి దళిత అధ్యక్షుడు. ఇచ్చిన వాళ్ళు ఆయుధాల కంపెనీ పేరుతో వచ్చారు, ఆ కంపెనీ అసలు లేనే లేదు. పార్టీ నిధికి తీసుకున్నానని ఆయన చెప్పారు, పదవి వదిలేశారు. 2012 ఏప్రిల్‌లో ఢిల్లీలోని ప్రత్యేక కోర్టు నాలుగేళ్ళ జైలు శిక్ష వేసింది. 2014 మార్చి 1న హైదరాబాదులో కన్నుమూశారు. ఆయన తప్పును తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు, డబ్బు తీసుకున్నది కోర్టు నమ్మింది. అయితే ఆ దృశ్యాన్ని దేశం ఎట్లా చూసిందో తలుచుకుంటే మనసుకు బాగుండదు. టీవీల్లో ఆ నోట్ల కట్ట పదేపదే తిరిగింది. జనం నవ్వారు. ఆయన కులాన్ని కలిపి నవ్విన వాళ్ళున్నారు. "పార్టీ నిధికి" అని ఆయన చెప్పిన మాటను పట్టుకుని, పార్టీలకు నిధులు ఎట్లా వస్తాయి, ఎవరిస్తారు, ఎందుకిస్తారు అని అడిగి ఉంటే ఆ సంఘటన దేశానికి కొంతైనా పనికొచ్చేది. ఒక మనిషి పడిపోవడాన్ని చూసిన తృప్తితో అందరూ ఇళ్ళకు పోయారు. ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు కెమెరా ప్రతి జేబులోనూ ఉంది. ఒక నాయకుడి వీడియో బయటికొస్తే సాయంత్రానికి మా ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఉంటుంది. మర్నాటికి దాని మీద పాటలు కట్టి పంపుతారు. మూడో రోజుకు ఇంకో వీడియో వస్తుంది. ఆ వీడియోలో ఆడమనిషి ఉంటే ఆమె ఎవరో, ఆమెకు న్యాయం జరిగిందో లేదో, నాయకుడు సంజాయిషీ చెప్పాడో లేదో తెలుసుకునే ఓపిక ఎవరికీ ఉండదు. అవమానం చేయడం, జవాబు రాబట్టడం ఒకటే అనుకుంటున్నాం. అవమానానికి సిగ్గుపడేవాడు తలవంచుకుని పోతాడు. సిగ్గు లేనివాడు పది రోజులు ఓర్చుకుని మళ్ళీ మైకు పట్టుకుంటాడు. ఇద్దరి దగ్గరా మనకు జవాబు రాలేదు.

ఓబుళాపురం ఇనుప గనుల సంగతి ఇంకా దగ్గరిది. ఆ గనులు ఉమ్మడి అనంతపురం జిల్లా డి.హీరేహాళ్ మండలంలోనివి. అక్రమ తవ్వకాల మీద 2009 చివర్లో సీబీఐ కేసు కట్టింది. 2011 సెప్టెంబరు 5న ఆ గనుల కంపెనీ యజమాని గాలి జనార్దనరెడ్డిని బళ్ళారిలో అరెస్టు చేశారు. హైదరాబాదు సీబీఐ కోర్టు ఆయనకు, మరి కొందరికి ఏడేళ్ళ శిక్ష వేసింది 2025 మే 6న. అరెస్టుకూ తీర్పుకూ మధ్య దాదాపు పద్నాలుగేళ్ళు. ఈ మధ్యలో 2023లో గంగావతి ఓటర్లు ఆయన్ను కర్ణాటక శాసనసభకు పంపారు. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు అప్పీలు తేలేదాకా ఆ శిక్షను నిలిపివేసింది. ఇట్లా పదిహేనేళ్ళకు పైగా నడిచిన కేసులో జనం కోర్టు కోసం ఎదురుచూస్తూ కూర్చోవాలా? అరెస్టు నాడు ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు తీర్పు నాటికి ఓటరయ్యాడు. కోర్టు తీర్పు కోసం ఆగినట్టే, ప్రజలకు ఇవ్వవలసిన జవాబు కోసం కూడా ఆగితే ఎవరూ ఎవరికీ ఏదీ చెప్పరు.

మాకు అడగడం రాదని ఎవరైనా అంటే ఒప్పుకోను. ఉపాధి హామీ పథకం ఈ జిల్లాలోనే మొదలైంది. 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో మన్మోహన్ సింగ్ ప్రారంభించారు. ఆ ఏడాదే ఈ జిల్లాలో పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిగింది. తర్వాత రాష్ట్రమంతా అది పద్ధతిగా నిలబడింది. కూలోళ్ళ ఇళ్ళలోని చదువుకున్న పిల్లలే తనిఖీ చేసేవాళ్ళు. మస్టర్లు చేతబట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. "నీకు పన్నెండు రోజుల పని రాసినారు, ఎన్ని రోజులు పోయినావమ్మా? ఎంత ముట్టింది?" అని అడిగి రాసుకుంటారు. కందకాలు, ఫారం పాండ్లు టేపుతో కొలుస్తారు. చివర్న మండల కేంద్రంలో షామియానా వేసి ప్రజావేదిక పెడతారు. ఊరి పేరు, పని పేరు, మస్టరులో ఉన్న పేర్లు, పనికి రాని పేర్లు మైకులో చదువుతారు. బెంగళూరులో తాపీ పని చేస్తున్న మనిషి పేరు మీద ఊళ్ళో మట్టి తవ్వినట్టు ఉంటుంది. చనిపోయిన మనిషి కూలి తీసుకున్నట్టు ఉంటుంది. ఫీల్డ్ అసిస్టెంటును లేపి నిలబెట్టి "దీనికి ఏం చెబుతావు?" అని అందరి ముందర అడుగుతారు. ఆ అబ్బాయి చెప్పవలసిందే. తప్పు ఒప్పుకుంటాడో, రాసుకున్నవాళ్ళే పొరబడ్డారంటాడో, పైవాళ్ళు చెప్పినట్టు చేశానంటాడో, ఏదో ఒకటి చెప్పాలి. విన్నవాళ్ళలో కూలికి పోయిన ఆడవాళ్ళు ఉంటారు. అబద్ధం చెబితే అక్కడికక్కడే లేస్తారు.

నేను దాన్ని లోపం లేని ఏర్పాటని చెప్పడం లేదు. ఇంటి దగ్గర అన్నీ చెప్పి వేలిముద్ర వేసిన ఆడమనిషి వేదిక దగ్గర "నాకు జ్ఞాపకం లేదు సార్" అనడం మా వైపు చూశాను. రేపు పని ఇవ్వవలసింది ఆ ఫీల్డ్ అసిస్టెంటే. ఆమె భయం ఆమెది. "పోనీ లేండి, మావోడే, చిన్నపిల్లోడు" అని వెనకేసుకొచ్చే పెద్దలూ ఉన్నారు. రికవరీ అని రాసిన డబ్బులో వసూలయ్యేది కొంతే. ఇన్ని ఉన్నా ఆ షామియానా కింద ఒక సంగతి మాత్రం జరిగింది. ప్రజల డబ్బు ముట్టుకున్న మనిషి, ఎంత చిన్న మొత్తమైనా సరే, ఆ ప్రజల ముందర నిలబడి నోరు విప్పాడు. ఎవరూ టపాకాయలు కాల్చలేదు, ఎవరూ దండలు వేయలేదు. కాగితం, మనిషి, ప్రశ్న, సమాధానం. మా తనకల్లు లాంటి మండలాల్లో అక్షరం రాని కూలి ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి చేసి చూపించిన పని అది.

కొన్ని వేల రూపాయల మస్టరుకు అంతమంది ముందర నిలబడవలసిన కుర్రాడు ఒకవైపు. వందల కోట్ల ఆరోపణలకు ఒక్క వాక్యంతో కారెక్కిపోయే పెద్దమనిషి ఇంకోవైపు. ఈ రెంటి మధ్య ఉన్న అన్యాయాన్ని మనం అన్యాయమని గుర్తించడం కూడా మానేశాం. విచారణ కమిషన్ల నివేదికలను ఆరు నెలల్లోగా, తీసుకున్న చర్యల వివరంతో సహా శాసనసభ ముందు పెట్టాలని 1952 నాటి చట్టానికి 1971లో చేసిన సవరణలో ఉంది. మన శాసనసభ్యుడు ఊరికి వచ్చినప్పుడు ఫలానా నివేదిక ఏమైందని ఎప్పుడైనా అడిగామా? 1958లో, ఎల్ఐసీ సొమ్ముతో ముంద్రా కంపెనీల షేర్లు కొన్న వ్యవహారం మీద జస్టిస్ ఛాగ్లా బొంబాయిలో బహిరంగ విచారణ జరిపితే, లోపల చోటు చాలక బయట మైకులు పెట్టవలసి వచ్చింది. జనం నిలబడి ప్రశ్న వెనక ప్రశ్న, జవాబు వెనక జవాబు విన్నారు. ఆర్థికమంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. అంతమంది వింటున్నప్పుడు దాటవేయడం కష్టం.

అంత పెద్ద ఏర్పాటు మన చేతిలో లేకపోవచ్చు. చేతిలో ఉన్నది ఒకటుంది. ఎన్నికల్లో నిలబడే ప్రతి అభ్యర్థి నామినేషనుతో పాటు ఫారం 26 అనే ప్రమాణపత్రం ఇవ్వాలి. తన మీద ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు అన్నీ అందులో రాయాలి. సుప్రీంకోర్టు 2002లో, 2003లో ఇచ్చిన తీర్పుల వల్ల వచ్చిన హక్కు అది. 2018 నుంచి అభ్యర్థులు తమ కేసుల వివరాలను పేపర్లలో, టీవీల్లో కూడా ప్రకటించాలి. 1964లో ఒక ముఖ్యమంత్రి ఇవ్వకుండా పోయిన ప్రమాణపత్రం లాంటిదే ఇప్పుడు ప్రతి అభ్యర్థి దగ్గరా చట్టం రాయించుకుంటుంది. ఎన్నికల సంఘం వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. ఊళ్ళో ఇంటరు చదివే పిల్లలున్నారు, ఫోన్లున్నాయి.

తనకల్లులోనూ, ఇది చదివే ప్రతి ఊళ్ళోనూ నేను కోరేది ఇంతే. వచ్చే ఎన్నికల్లో అభ్యర్థి మీ వీధికి వచ్చినప్పుడు ఆ కాగితం దగ్గర ఉంచుకోండి. అందులో ఉన్న ఒక్కో కేసుకు "దీనికి మీ సమాధానం ఏమి?" అని మర్యాదగా అడగండి. కక్ష అంటే, కక్ష సంగతి తర్వాత, ఇందులో రాసిన దానికి ఏం చెబుతారని మళ్ళీ అడగండి. ఎదుటి పార్టీవాణ్ణి అడగడం అందరికీ వచ్చు. ముందు మీరు ఓటు వేయాలనుకున్న మనిషిని అడగండి.